రీఅలాక్ కూడా ఫ్రీయే

మొదట వచ్చిన ఫిర్యాదు క్రాష్ గురించి కాదు. "మొత్తం తక్కువ వస్తోంది, అదీ రోజూ కాదు" అన్నారు. నేను చూసుకునే ప్రోగ్రామ్ సీ భాషలో రాసినది. ఆ భాషలో మెమరీని మనమే అడిగి తీసుకోవాలి (మాలాక్), చాలకపోతే సైజు మార్చుకోవాలి (రీఅలాక్), పనయ్యాక తిరిగి ఇచ్చేయాలి (ఫ్రీ). పరికరాల నుంచి వచ్చే రీడింగులు చదివి, ఒక్కో పరికరానికి ఒక రికార్డు పెట్టుకుని, రోజంతా లెక్క కూడుతుంది. అర్ధరాత్రి మొత్తాలన్నీ ఫైల్లో రాసేసి, టేబుల్ ఖాళీ చేసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా నడిచింది. ఆ రోజు మాత్రం ఒక హబ్ (కొన్ని పరికరాలను కలిపే పరికరం) దగ్గర 412 రీడింగులు ఉండాల్సిన చోట 409 ఉన్నాయి. మర్నాడు సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాతి రోజు రెండు తగ్గాయి. నెట్‌వర్క్‌లో పోయి ఉంటాయని అందరం అనుకున్నాం.

రెండు వారాల తర్వాత అదే ప్రోగ్రామ్ తెల్లవారుజామున సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుంటే వచ్చే క్రాష్) పడిపోయింది. నాలుగు రోజులు బాగానే నడిచి మళ్లీ పడింది, ఈసారి ఇంకో ఫంక్షన్‌లో. కోర్ డంప్ (పడిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ కాపీ) తెరిచి చూస్తే పడిన చోట తప్పేమీ లేదు. ఒక చోట మాలాక్ లోపలే పడింది, ఇంకో చోట ఒక పేరును ప్రింట్ చేస్తూ పడింది. మెమరీ బగ్గులతో అసలు బాధ ఇదే. తప్పు ఒక చోట జరుగుతుంది, దెబ్బ ఇంకో చోట తగులుతుంది, ఈ రెంటి మధ్య గంటలు గడిచిపోయి ఉంటాయి. మూడు వారాలు నేను దెబ్బ తగిలిన చోటే వెతికాను.

చివరికి ఒక రోజు వచ్చిన ఇన్‌పుట్ మొత్తాన్ని రికార్డు చేసి, ప్రోగ్రామ్‌ను మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి, దాని మీద నడిపాను. రెండు నిమిషాల్లో ఆగిపోయింది. హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంది, అంటే ఫ్రీ చేసేసిన మెమరీని మళ్లీ వాడారని. ఆ రిపోర్టులో మూడు స్టాక్‌లు (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందన్న జాబితాలు) ఉంటాయి: తప్పుగా ముట్టుకున్నది ఎక్కడ, ఆ బ్లాక్‌ను ఫ్రీ చేసింది ఎక్కడ, అసలు అలొకేట్ చేసింది ఎక్కడ. ఫ్రీ చేసింది ఎక్కడ అన్న దాని కింద నాకు కనబడిన పేరు రీఅలాక్.

ఆ ఒక్క పేరు చూశాక అంతా అర్థమైంది. ఫ్రీ అన్న పదం కోసం కోడంతా వెతికాను, ప్రతి ఫ్రీనీ పరీక్షించాను. బ్లాక్‌ను వేరే చోటికి మార్చినప్పుడు రీఅలాక్ కూడా పాతదాన్ని ఫ్రీ చేస్తుందన్న సంగతి పుస్తకజ్ఞానంగా తెలుసు గానీ, వెతికేటప్పుడు దాన్ని ఫ్రీల లెక్కలో వేయలేదు.

జరిగింది ఇది. రికార్డులన్నీ ఒకే అర్రేలో, అంటే మెమరీలో పక్కపక్కనే వరసగా ఉంటాయి. మొదట 64 రికార్డులకు చోటు, ఒక్కోటి 48 బైట్లు, అంటే 3072 బైట్ల బ్లాక్. నిండితే రీఅలాక్‌తో రెట్టింపు. ఒక రీడింగ్ రాగానే ఆ పరికరం రికార్డును వెతికి, దాని పాయింటర్ (మెమరీలో అది ఉన్న అడ్రస్) చేతిలో పట్టుకుంటాం. హబ్ నుంచి వచ్చే కొన్ని రీడింగుల్లో "నా వెనక కొత్త పరికరం చేరింది" అన్న కబురు కూడా ఉంటుంది. అప్పుడు అదే అర్రేలో కొత్త రికార్డు చేరుస్తాం. చేర్చాక, చేతిలో ఉన్న పాత పాయింటర్‌తో హబ్ లెక్కకు ఒకటి కూడుతాం. చేర్చేటప్పుడు అర్రే నిండి ఉండి, రీఅలాక్ దాన్ని వేరే చోటికి మార్చిందంటే, నా చేతిలో ఉన్న పాయింటర్ పాత ఇంటి అడ్రస్‌గా మిగిలిపోతుంది. కూడిన ఒకటి ఆ ఖాళీ ఇంట్లో పడిపోతుంది.

అర్రే 64 నుంచి 128కి, 256కి, 512కి పెరగడానికి మూడుసార్లు రెట్టింపు కావాలి. మా దగ్గర పరికరాలు ఈమధ్యే మూడు వందలు దాటాయి. 412కి 409. తగ్గిన ఆ మూడూ ఈ మూడు రెట్టింపులే. రెండు తగ్గిన రోజు, ఒకసారి రీఅలాక్‌కు పక్కనే ఖాళీ దొరికి, బ్లాక్ కదలకుండా ఉన్నచోటే పెరిగింది. సరిగ్గా వచ్చిన రోజు మూడుసార్లూ అలాగే జరిగింది. ఏళ్ల తరబడి బగ్ బయటపడకపోవడానికి కారణం కూడా ఇదే: పరికరాలు 64 దాటనంత కాలం ఆ రీఅలాక్ లైను నడిచే అవసరమే రాలేదు.

మరి క్రాష్? ఫ్రీ అంటే చెరిపేయడం కాదు. జీలిబ్‌సీ (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) అలొకేటర్, అంటే మెమరీ పంచే భాగం, ఫ్రీ అయిన బ్లాక్‌లో కొన్ని బైట్లను తన లెక్కలు రాసుకోవడానికి వాడుకుంటుంది, మిగతావి ఉన్నవి ఉన్నట్టే వదిలేస్తుంది. అందుకే పాత పాయింటర్‌తో చదివితే చాలాసార్లు పాత విలువే కనబడి, అంతా బాగున్నట్టే ఉంటుంది. మా కోడ్ రీఅలాక్ అయిన వెంటనే కొత్త పరికరం పేరును స్ట్ర్‌డప్ చేస్తుంది, అంటే కొత్త మెమరీ తీసుకుని అందులోకి కాపీ చేస్తుంది. అలొకేటర్ ఒక్కోసారి ఆ పేరు కోసం ఇప్పుడే ఖాళీ అయిన పాత బ్లాక్‌లోంచే ఒక ముక్క కోసి ఇచ్చేది. అప్పుడు నేను కూడిన ఒకటి ఆ పేరు మధ్యలోనో, అలొకేటర్ లెక్కలు రాసుకున్న చోటో పడేది. ఆ లెక్క చెడిన సంగతి తెల్లవారుజామున ఇంకెవరో మాలాక్ పిలిచినప్పుడు బయటపడేది.

శానిటైజర్ మొదటిసారే ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. దాని రీఅలాక్ ఎప్పుడూ ఉన్నచోట పెంచదు. ప్రతిసారీ కొత్త బ్లాక్ తీసుకుని, కాపీ చేసి, పాతదాన్ని ఫ్రీ చేస్తుంది. ఆ పాత బ్లాక్‌ను వెంటనే ఎవరికీ ఇవ్వకుండా క్వారంటైన్‌లో పెడుతుంది. ప్రతి ఎనిమిది బైట్లకు ఒక నీడ బైట్ పెట్టుకుని, ఏ చోటు ముట్టుకోవచ్చో ఏది కూడదో అందులో రాసుకుంటుంది. మామూలుగా అదృష్టం మీద ఆధారపడి దాక్కునే తప్పు అక్కడ దాక్కోలేదు. గూగుల్ ఇంజనీర్లు 2012లో దీని గురించి పేపర్ ప్రచురించారు. ఇప్పుడు జీసీసీలోనూ క్లాంగ్‌లోనూ ఒక్క ఫ్లాగ్‌తో దొరుకుతుంది. ప్రోగ్రామ్ సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది, టెస్టులకు అది ఏమీ కాదు. నేను మొదటి రోజే ఇది చేసి ఉండాల్సింది. మీరు సీ రాస్తుంటే మీ టెస్టులు ఈరోజు నుంచే దీనితో నడపండి.

దిద్దుబాటు చిన్నదే. వెతికే ఫంక్షన్ ఇప్పుడు పాయింటర్ ఇవ్వదు, ఇండెక్స్ ఇస్తుంది. అర్రే ఎక్కడికి కదిలినా ఏడో రికార్డు ఏడో రికార్డే.

అయితే నాకు మిగిలింది ఆ దిద్దుబాటు కన్నా పెద్దది. కోడ్ చదివే పద్ధతే మారింది. ఇప్పుడు ఏ పాయింటర్ కనబడినా ముందు ఒకటే అడుగుతాను: ఇది సొంతమా, అరువా? సొంతమైతే దాన్ని ఫ్రీ చేసే బాధ్యత ఆ వేరియబుల్‌ను పట్టుకున్నవాళ్లది, ఇంకెవరిదీ కాదు. అరువైతే చూడొచ్చు, వాడుకోవచ్చు, ఫ్రీ మాత్రం చేయకూడదు. పైగా అరువుకు గడువుంటుంది. నా హబ్ పాయింటర్ అరువుది. దాని గడువు "అర్రేలో తర్వాతి చేర్పు వరకు". ఆ గడువు ఎక్కడా రాసి లేదు, కోడ్ రాసినవాళ్ల మనసులో ఉందేమో తెలియదు.

సీ భాష ఈ తేడాను చెప్పదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ చెప్పే గెటెన్వ్ ఒక క్యార్ పాయింటర్ (అక్షరాలున్న చోటి అడ్రస్) ఇస్తుంది, అది అరువు, ఫ్రీ చేస్తే ప్రోగ్రామ్ చెడుతుంది. స్ట్ర్‌డప్ కూడా క్యార్ పాయింటరే ఇస్తుంది, అది సొంతం, ఫ్రీ చేయకపోతే లీక్, అంటే ఆ మెమరీ వృథాగా ఉండిపోతుంది. టైపు చూస్తే రెండూ ఒకటే. స్ట్రింగును ముక్కలు చేసే స్ట్ర్‌టాక్ ఇచ్చేది మనం ఇచ్చిన బఫర్ మధ్యలోకే చూపిస్తుంది కాబట్టి ఆ బఫర్ ఉన్నంతవరకే దాని ఆయుష్షు. ఇవన్నీ మాన్యువల్ చదివి గుర్తుపెట్టుకోవాల్సినవే. రస్ట్ లాంటి భాషలో ఇదే సొంతం-అరువు లెక్కను కంపైలర్ చూసుకుంటుంది. నేను రాసిన హబ్ కోడ్‌ను అది కంపైల్ కూడా కానివ్వదు. సీలో కంపైలర్ చేయని ఆ పని మనం చేయాలి, చేసినట్టు రాసి పెట్టాలి. అందుకే పాయింటర్ తీసుకునే, ఇచ్చే ప్రతి ఫంక్షన్ పైన ఒక లైను రాస్తున్నాను: ఎవరిది, ఎప్పటివరకు.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఇది చూసి నల్ (ఎక్కడికీ చూపించని పాయింటర్ విలువ) గురించి అడిగాడు. "అక్కా, ఫ్రీ చేశాక పాయింటర్‌కు నల్ పెట్టేస్తే సరిపోదా? ఇదంతా ఎందుకు?"

"నల్ పెట్టు, మంచిదే. నల్‌ను మళ్లీ ఫ్రీ చేసినా ఏమీ జరగదు, డబుల్ ఫ్రీ తప్పుతుంది. కానీ ఆ బ్లాక్‌కు ఇంకో రెండు చోట్ల కాపీ పాయింటర్లు ఉన్నాయనుకో. నువ్వు నల్ పెట్టినట్టు వాటికి ఎవరు చెప్తారు?"

కాసేపు ఆలోచించి, "అయితే కాపీలు ఎక్కడున్నాయో ముందు తెలియాలి" అన్నాడు. అవును. నల్ పెట్టడం ఒక్క వేరియబుల్‌కు చేసే పని. మా బగ్‌లో అయితే నల్ పెట్టడానికి ఫ్రీ అన్న లైనే లేదు.

రీఅలాక్ దగ్గరే ఇంకో గుంట ఉంది, చాలామంది కోడ్‌లో చూశాను. రీఅలాక్ ఇచ్చినదాన్ని నేరుగా పాత వేరియబుల్‌లోనే వేసుకుంటారు. మెమరీ దొరకకపోతే రీఅలాక్ నల్ ఇస్తుంది, పాత బ్లాక్ మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. కానీ దాని అడ్రస్ ఉన్న ఏకైక వేరియబుల్‌ మీద మనమే నల్ రాసేశాం. డేటా ఉంది, దారి పోయింది. అందుకని ఫలితాన్ని ఒక తాత్కాలిక వేరియబుల్‌లో తీసుకుని, నల్ కాదని చూసుకుని, అప్పుడే పాతదానిలో వేయాలి. కెపాసిటీ లెక్కను పెంచే లైను కూడా ఆ తర్వాతే రావాలి. ముందే పెంచేస్తే, విఫలమైనప్పుడు అర్రే 64 దగ్గర ఉండి లెక్క 128 అంటుంది. ఇక సైజు సున్నాతో రీఅలాక్ పిలిచి ఫ్రీ అయినట్టు భావించే అలవాటు ఎవరికైనా ఉంటే మానేయండి. సీ23 ప్రమాణం దాన్ని అన్‌డిఫైన్డ్ బిహేవియర్ చేసింది, అంటే ఏం జరుగుతుందో ఏ హామీ లేదు.

సైజు లెక్కల్లో జరిగే మోసం నన్ను ఎప్పుడూ భయపెడుతుంది. ఎన్ని రికార్డులు కావాలన్న సంఖ్య బయటి ఫైల్లోంచి వచ్చిందనుకోండి. 32 బిట్ల మెషిన్ మీద 48 బైట్ల రికార్డులు 89478486 కావాలని అడిగితే గుణకారం 4294967328 రావాలి. సైజులకు వాడే సైజ్‌టీ టైపులో పట్టేది 4294967295 వరకే. చుట్టు తిరిగి 32 అవుతుంది. మాలాక్ సంతోషంగా 32 బైట్లు ఇస్తుంది, నల్ ఇవ్వదు, మన చెక్ పాసైపోతుంది. ఒక్క రికార్డుకు కూడా చాలని చోటులో మనం కోట్ల రికార్డులు రాయడం మొదలుపెడతాం. మాలాక్‌కు బదులు వాడదగిన కాలాక్ సంఖ్యనూ సైజునూ విడివిడిగా తీసుకుంటుంది కాబట్టి ఇప్పటి లైబ్రరీలు ఈ పొంగును లోపలే పట్టి నల్ ఇస్తాయి. పెంచేటప్పుడు వాడుకోవడానికి ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు రీఅలాక్అర్రే తెచ్చారు, జీలిబ్‌సీలో 2017 నుంచి ఉంది. చేత్తో గుణించి మాలాక్‌కు ఇవ్వడం నేను పూర్తిగా మానేశాను. సైజు చెప్పే సైజ్‌ఆఫ్‌లో టైపు పేరు రాయడం కూడా మానేశాను. పాయింటర్ చూపించే వస్తువు సైజునే అడుగుతాను. రేపు టైపు మారినా ఆ లైను తనంతట తనే సరిగ్గా ఉంటుంది.

స్ట్రింగులకు చివర సున్నా బైట్ కోసం ఒకటి కలపాలన్నది అందరికీ తెలుసు, అయినా మర్చిపోతాం. మర్చిపోయినా టెస్టుల్లో ఎందుకు దొరకదో తెలిశాక నాకు టెన్షన్ ఇంకా పెరిగింది. 64 బిట్ల లినక్స్ మీద జీలిబ్‌సీ బ్లాకులను 16 బైట్ల మెట్లలో ఇస్తుంది. మనకు వాడుకోవడానికి వచ్చేది 24, 40, 56 ఇలా ఉంటుంది. 20 ఇంగ్లిష్ అక్షరాల పేరుకు 20 బైట్లే అడిగినా వచ్చేది 24. సున్నా బైట్ ఆ ఎక్కువ చోటులో పడుతుంది, ఎవరికీ ఏమీ కాదు. పేరు సరిగ్గా 24 అక్షరాలో 40 అక్షరాలో అయిన రోజున మాత్రం ఆ సున్నా పక్క బ్లాక్ సైజు రాసి ఉన్న చోట పడుతుంది. ఇలా ఒకే ఒక్క సున్నా బైట్ దాటిపోవడాన్ని వాడుకుని లినక్స్‌లో రూట్ (మెషిన్ మీద పూర్తి) అధికారం తెచ్చుకోవచ్చని 2014లో గూగుల్ భద్రతా బృందం ప్రాజెక్ట్ జీరో చేసి చూపించింది. ఒక్క బైటే కదా అనడానికి లేదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడింది. నెట్‌లో డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో అవతలివాళ్లు చెప్పిన పొడవును నమ్మి, వచ్చిన డేటా అంత ఉందో లేదో చూడకుండా కాపీ చేసి పంపడం వల్ల ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల దాకా పక్క మెమరీ బయటికి పోయింది. అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు, ప్రైవేట్ కీలు ఉండొచ్చు. తాము ఏటా సీవీఈ నంబర్ (భద్రతా లోపాల గుర్తింపు సంఖ్య) ఇచ్చే లోపాల్లో 70 శాతం దాకా మెమరీ భద్రతకు సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. అంతటి అనుభవం ఉన్నవాళ్లకే ఇలా జరుగుతుంటే, "నేను జాగ్రత్తగా రాస్తాను" అన్న మాట మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

మాలాక్ విఫలమయ్యే దారిని పరీక్షించడం చాలామంది వదిలేస్తారు. లినక్స్ అలవాటుగా అడిగినదానికి చాలావరకు సరేనని, నిజంగా ముట్టుకున్నప్పుడే పేజీలు ఇస్తుంది కాబట్టి, మామూలు మెషిన్ మీద మాలాక్ నల్ ఇవ్వడం చూడటం అరుదు. అందుకే ఆ కోడ్ రాస్తాం గానీ అది ఎప్పుడూ నడవదు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాళ్లు దీనికి చక్కటి పద్ధతి పాటిస్తారు. మాలాక్‌ను తమ సొంత ఫంక్షన్ ద్వారా పిలిచి, మొదటి పిలుపు విఫలమైతే ఏమవుతుంది, రెండోది విఫలమైతే ఏమవుతుంది, ఇలా వరసగా అన్నీ నడిపి చూస్తారు. నేను అదే చేశాను. ముప్పై లైన్ల పని. మా ప్రోగ్రామ్‌లో పదకొండు చోట్ల దొరికాయి. వాటిలో చాలావరకు ఒకే రకం: ఫంక్షన్‌లో మూడు బ్లాకులు తీసుకుని, మూడోది దొరకకపోతే మొదటి రెండూ ఫ్రీ చేయకుండా తిరిగి వచ్చేయడం.

దానికి మందు పాతదే. పాయింటర్లన్నిటినీ మొదట్లోనే నల్ చేసుకోవడం, ఎక్కడ విఫలమైనా గోటూతో (కోడ్‌లో ఇంకో చోటికి నేరుగా దూకించే ఆదేశం) చివర ఉన్న ఒకే శుభ్రం లేబుల్‌కు వెళ్లడం, అక్కడ అన్నిటినీ ఫ్రీ చేయడం. నల్‌ను ఫ్రీ చేయడం తప్పు కాదు కాబట్టి ఏది దొరికింది ఏది దొరకలేదు అని అక్కడ అడగక్కర్లేదు. గోటూ అంటే ముఖం చిట్లించేవాళ్లు ఒకసారి లినక్స్ కర్నెల్ కోడ్ తెరిచి చూడండి, చాలా డ్రైవర్లలో ఇలాంటిదే కనబడుతుంది.

మెమరీ తప్పులు పట్టే ఇంకో పనిముట్టు వాల్‌గ్రైండ్ గురించి ఒక్క మాట. అది నెమ్మది, ప్రోగ్రామ్‌ను ఇరవై ముప్పై రెట్లు లాగేస్తుంది. అయినా మళ్లీ కంపైల్ చేయకుండా ఉన్న బైనరీ మీదే నడుస్తుంది, విలువ పెట్టకుండా వాడిన మెమరీని కూడా పట్టుకుంటుంది. ఆ రెండోది అడ్రస్ శానిటైజర్ చేయదు. నేను ప్రతి కమిట్‌కు (కోడ్‌లో మార్పు చేర్చిన ప్రతిసారీ) శానిటైజర్, వారానికోసారి వాల్‌గ్రైండ్ నడుపుతాను.

తగ్గిన రీడింగుల సంగతికి వస్తే, రికార్డు చేసిన ఇన్‌పుట్ ఉన్న రోజులకు మళ్లీ లెక్క కట్టి సరైన మొత్తాలు ఇచ్చాం. అంతకు ముందు రోజులవి దిద్దడానికి వీలు పడలేదు. ఆ రోజుల ఫైళ్ల మీద ఆ విషయం రాసి పెట్టాం.

పోయిన వారం ఆ అబ్బాయి ఒక కొత్త ఫంక్షన్ రాసి రివ్యూకు పంపాడు. పేరు ఇస్తే పరికరం రికార్డు ఇచ్చే ఫంక్షన్, వేగం కోసం ఇండెక్స్ కాకుండా పాయింటరే ఇస్తోంది. అభ్యంతరం రాయబోయి పైకి స్క్రోల్ చేశాను. ఫంక్షన్ పైన రాసి ఉంది: "ఇచ్చేది అరువు. ఫ్రీ చేయకూడదు. అర్రేలో ఏదైనా చేర్చిన మరుక్షణం ఇది చెల్లదు." దాని కింద, సరిగ్గా 64వ రికార్డు దగ్గర అర్రేను నింపి, 65వది చేర్చి, మళ్లీ అడిగి తెచ్చుకున్న పాయింటర్‌తో లెక్క కూడి చూసే టెస్టు కూడా ఉంది. అప్రూవ్ నొక్కాను.